రెడ్ హిల్స్ కాటలీనా: 1/72 స్కేలులో యుద్ధకాలపు నీటి విమానం తయారీ

కాటలీనా మోడల్ చెడిపోయే పనులు చాలావరకు జిగురు మూత తీయకముందే జరుగుతాయి. ఏ రకం చేస్తున్నారు, నీటి మీద చూపిస్తారా నేల మీదా, రెక్క చివరి ఫ్లోట్లు (నీటి మీద తేలే తొట్లు) కిందికి దించుతారా పైకి మడుస్తారా? ఈ మూడూ ముందే తేల్చుకోండి. తేల్చకుండా కిట్‌లోని కాగితం వెంట పోతే, సగం పనయ్యాక చక్రాల గూడు పూడ్చాల్సి వస్తుంది, లేదా బరువు పెట్టాల్సిన ముక్కు అప్పటికే మూసేసి ఉంటుంది.

2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలం వెళ్లిన ట్విన్ ఆటర్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది రెండు ఫ్లోట్ల మీద నిలబడే విమానం. కాటలీనాకు పొట్టే పడవ. ఆ పొట్ట కింద వీ ఆకారంలో కీల్ (పడవ అడుగున పొడవునా సాగే వెన్ను), దాని మీద రెండు మెట్లు. రెక్క చివర్లలో ఉండే చిన్న ఫ్లోట్లు పక్కకు ఒరగకుండా ఆపడానికే. గాలిలోకి లేచాక అవి బయటికి మడుచుకుని రెక్క కొసలుగా మారతాయి. కాబట్టి చెరువు మీద నిలిపిన మోడల్‌కు ఫ్లోట్లు దించే ఉండాలి. ఫ్లోట్లు మడిచి నీటి మీద పెట్టిన కాటలీనాలు ప్రదర్శనల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. తెలిసినవాడు మొదట చూసేది అక్కడే.

అసలు విమానం 1935 మార్చి 28న మొదటిసారి ఎగిరింది. రెక్కల వెడల్పు 31.7 మీటర్లు, పొడవు సుమారు 19.5. 1/72లో అది 44 సెంటీమీటర్ల వెడల్పు, 27 పొడవు అవుతుంది. 1/48లో వెడల్పు 66 సెంటీమీటర్లు. మామూలు గోడ అల్మారా అరలో పెద్దది పట్టదు, పట్టినా తలుపు మూసుకోదు. మొదటిసారి చేసేవాళ్లకు 1/72 చాలు. అకాడమీ కిట్ ఈ స్కేలులో తేలికగా దొరుకుతుంది.

ఇక్కడ చెప్పేది బ్రిటిష్ వైమానిక దళం 240 స్క్వాడ్రన్ వాడిన రకం గురించి. 1942 నుంచి యుద్ధం ముగిసేదాకా ఆ విమానాలు మద్రాసు పక్కన రెడ్ హిల్స్ చెరువులో ఉండి బంగాళాఖాతం మీద గస్తీ తిరిగాయి. తెలుగుగంగ కాలువతో వచ్చే మన కృష్ణ నీళ్లు ఇప్పుడు పూండి జలాశయం మీదుగా ఆ చెరువుకూ చేరతాయి. కాటలీనా మన తీరానికి దూరపు చుట్టమేమీ కాదు. 1942 ఏప్రిల్ 4న సిలోన్ దక్షిణాన జపాన్ నౌకాదళాన్ని మొదట చూసింది 413 స్క్వాడ్రన్ కాటలీనాయే. రెండు రోజులకు, ఏప్రిల్ 6న, విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు పడ్డాయి.

రకం ఎంపిక

పెట్టె మీద పీబీవై-5 (పీబీవై అన్నది కాటలీనాకు అమెరికన్ నౌకాదళం పేరు) అని ఉంటే చక్రాల్లేని అచ్చమైన పడవ. 5ఏ అని ఉంటే బాడీ పక్కల్లోకి మడుచుకునే చక్రాలున్నది. బ్రిటిష్ వాళ్లు 5ఏని కాటలీనా మార్క్ 3ఏ అన్నారు. వాళ్లు ఎక్కువగా వాడింది చక్రాల్లేని పడవలే. కిట్ 5ఏ అయితే పక్క గూళ్లు పూడ్చక తప్పదు. 0.5 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ షీటును గూడు ఆకారానికి కోసి లోపలి నుంచి అతికించండి, పైన ఎం-సీల్ పలచగా పూయండి. పూర్తిగా గట్టిపడ్డాకే 400 నంబరు వాటర్ పేపర్‌తో నీళ్లు తగిలిస్తూ రుద్దండి. తొందరపడి పచ్చిగా ఉండగా రుద్దితే మధ్యలో గుంట పడుతుంది. ఆ గుంట ప్రైమర్ (రంగు కింది తొలి పూత) వేసేదాకా కంటికి ఆనదు. ముక్కు కింద చక్రం తలుపులు మూసి అతికిస్తే సరిపోతుంది.

చక్రాల మీదే 5ఏ నిలబెడతానంటే ముక్కులో బరువు తప్పదు, లేకపోతే తోక మీద కూర్చుంటుంది. బాడీ, రెక్క, ఇంజిన్లు టేపుతో కలిపి ప్రధాన చక్రాలుండే చోట రెండు వేళ్ల మీద నిలపండి. ముక్కు కిందికి వాలేదాకా పైలట్ గది ముందు భాగం మీద బరువు పెంచుతూ పోండి. వచ్చిన బరువుకు ఇంకో పావు వంతు కలపండి, ఎందుకంటే రంగు, జిగురు, చిన్న భాగాలు అన్నీ తోక వైపే ఎక్కువ. చేపల వలలు అమ్మే కొట్లో సీసం గుండ్లు దొరుకుతాయి. వాటిని అరాల్డైట్‌తోనే అతికించండి. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురులో సీసం ముంచితే నెలలు గడిచేకొద్దీ అది తెల్లగా పూసి ఉబ్బుతుంది, బాడీ అతుకు విచ్చుకుంటుంది. సీసం వద్దనుకుంటే ఆటోనగర్‌లో పాత బేరింగుల ఉక్కు గోళీలు అడగండి.

నీటి మీద చూపించే మోడల్‌కు బరువు అక్కర్లేదు. దానికి బదులు కీల్ లోపల, మెట్టు దగ్గర, ఒక 3 మిల్లీమీటర్ల నట్టును అరాల్డైట్‌తో పెట్టి కింద రంధ్రం వేయండి. అదెందుకో చివర్లో తెలుస్తుంది. బాడీ మూశాక ఈ పని చేయలేరు.

సామాను ఎక్కడ

కిట్, పలచటి ప్లాస్టిక్ జిగురు, డెకాల్ (నీళ్లలో నానబెట్టి అతికించే గుర్తు) ద్రావణం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిందే. మిగతాది ఊళ్లోనే దొరుకుతుంది. 11 నంబరు సర్జికల్ బ్లేడు, దానికి సరిపోయే 3 నంబరు పిడి విజయవాడ సూర్యారావుపేటలో గానీ, గుంటూరు కొత్తపేటలో గానీ సర్జికల్ సామాన్ల కొట్లో అడగండి. హాబీ కత్తి కన్నా చవక, పదును ఎక్కువ. 400 నుంచి 2000 దాకా వాటర్ పేపర్, బూడిదరంగు ప్రైమర్ స్ప్రే డబ్బా, ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పుట్టీ కార్ల రంగుల కొట్లలో ఉంటాయి. గోళ్లు రుద్దుకునే ఫోము ఫైలు ఫ్యాన్సీ షాపులో తీసుకోండి. వంపు తిరిగిన బాడీ మీద దానంత బాగా ఏదీ పనిచేయదు.

ఎన్‌సీ థిన్నర్ మాత్రం ప్లాస్టిక్ మీదికి నేరుగా తేకండి. కిట్ ప్లాస్టిక్ అయిన పాలిస్టైరీన్‌ను అది కరిగిస్తుంది. కార్ల ప్రైమర్‌లో కూడా అలాంటి ద్రావకమే ఉంటుంది కాబట్టి ముందు స్ప్రూ (భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ కాడ) ముక్క మీద కొట్టి చూడండి. మంచు పడినట్టు పలచగా, 25 నుంచి 30 సెంటీమీటర్ల దూరం నుంచి కొడితే పైన ఆరిపోతుంది. తడిసేలా కొడితే ప్యానెల్ గీతలు మెత్తబడి మాయమవుతాయి.

లోపలి గది, బాడీ మూత

భాగాలన్నీ గోరువెచ్చని సబ్బు నీళ్లలో కడిగి ఆరనివ్వండి. అచ్చులోంచి తేలికగా ఊడిరావడానికి రాసిన నూనె వాటి మీద ఉంటుంది, అది పోకపోతే రంగు పొట్టుగా లేస్తుంది.

లోపల ఎంత వివరంగా చేయాలన్నది గాజు, అంటే కిట్‌లోని పారదర్శక భాగాలు, చెబుతుంది. పైలట్ గదిలో సీట్ల పైభాగం, గది అడ్డంగా వంపు తిరిగిన కమ్మీ మీద రెండు స్టీరింగు చక్రాలు కనిపిస్తాయి. అంతకు మించి శ్రమ పడటం దండగ. తోక వైపు రెండు గాజు బుడగలున్నాయే, అక్కడ శ్రమ పెట్టండి. ఒక్కొక్క దాంట్లో మెషిన్ గన్ ఉంటుంది. బుడగ తెరిచి చూపిస్తే నేల, గోడల పక్కటెముకలు, తూటాల పెట్టె అన్నీ బయటపడతాయి. సిగరెట్ పెట్టెలోని రేకు కాగితాన్ని సన్నగా కోస్తే గన్నరు బెల్టులు అవుతాయి. సన్నని ఇయర్‌ఫోన్ తీగలోని రాగి పోగులతో గొట్టాలు చేయొచ్చు.

బాడీ రెండు సగాలు కలిపేటప్పుడు ముక్కు నుంచి మొదలుపెట్టండి. ముందు రబ్బరు బ్యాండ్లతో బిగించి, అతుకు మీద పలచటి జిగురు బ్రష్‌తో తాకిస్తూ తోక దాకా పోండి. వేళ్లతో ఒత్తితే కరిగిన ప్లాస్టిక్ సన్నని గీతలా పైకి ఉబకాలి. అది మంచి సూచన, గట్టిపడ్డాక గీరేస్తే అతుకు కనబడదు. ఎండాకాలంలో కూడా ఒక రోజంతా ఆగండి.

ఇక్కడే ఈ విమానం ప్రత్యేకత. మామూలు విమానం పొట్ట గుండ్రం, అతుకు రుద్దితే పోతుంది. కాటలీనా అతుకు సరిగ్గా కీల్ కొస మీద పడుతుంది. అలవాటుగా రుద్దేస్తే పదునుగా ఉండాల్సిన కీల్ మొద్దుబారి, పడవ కాస్తా తెప్పలా కనిపిస్తుంది. అతుకుకు రెండు పక్కలా టేపు వేసి, ఫైలును కీల్‌కు అడ్డంగా కాకుండా దాని పొడవునే నడపండి. గుంటలుంటే ఫెవిక్విక్‌లో టాల్కం పౌడర్ కలిపి పూడ్చండి. ఇది పుట్టీలాగా కుంచించుకుపోదు. గంటలోపే రుద్దేయాలి, మర్నాటికి ప్లాస్టిక్ కన్నా గట్టిపడి చుట్టుపక్కల ప్లాస్టిక్ మాత్రమే అరుగుతుంది. మెట్టు మూలలో పేరుకున్న పుట్టీని బ్లేడు మొనతోనే తీయాలి, కాగితం అక్కడికి దూరదు.

రెక్క

44 సెంటీమీటర్ల రెక్క మొత్తం మధ్యలోని ఒక్క సన్నని స్తంభం మీద నిలుస్తుంది. ఫ్లైట్ ఇంజనీరు కూర్చునేది ఆ స్తంభంలోనే, పక్కల చిన్న కిటికీలుంటాయి. రెక్క అతికించాక అవి చేతికందవు కాబట్టి ముందే టేపుతో కప్పి మాస్క్ చేయండి. స్తంభం చుట్టూ బాడీ పైభాగానికి, రెక్క మధ్య అడుగుకు కూడా అతికించకముందే రంగు వేసి, అతుకు పడే చోట మాత్రం గీరి ప్లాస్టిక్ బయటపెట్టండి. రంగు మీద వేసిన జిగురు రంగును పట్టుకుంటుంది, విమానాన్ని కాదు.

బల్ల మీద ఒక గాజు పలక పెట్టండి. బాడీని రెండు పక్కలా పుస్తకాలు ఆనించి నిటారుగా బిగించండి. స్తంభానికి అరాల్డైట్ పూసి రెక్క దింపండి. ఐదు నిమిషాల రకం మే నెలలో మూడు నిమిషాలకే బిగుస్తుంది, అందుకే నెమ్మదిగా గట్టిపడే రకమే మేలు. వెంటనే మూడు కొలతలు తీయండి. ఎడమ కొస నుంచి గాజుకు, కుడి కొస నుంచి గాజుకు, తర్వాత రెండు కొసల నుంచీ తోక రెక్క పైకొసకు. ఎత్తులో ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా ఎదురుగా చూస్తే పట్టేస్తుంది. బిగిసేదాకా కొసల కింద సమాన ఎత్తున అగ్గిపెట్టెలు పేర్చి వదిలేయండి.

పక్కకు రెండేసి చొప్పున నాలుగు ఊత స్ట్రట్లు. రెక్క బాగా గట్టిపడ్డాకే వాటిని పెట్టండి. పొడవు చాలడంలేదని రెక్కను కిందికి గుంజి అతికిస్తే రెండు వారాల్లో ఆ ఒత్తిడికి జిగురు విడిపోతుంది. స్ట్రట్టు పొట్టిగా ఉంటే స్ప్రూ ముక్క చేర్చి పొడిగించండి.

ఇంజిన్లు రెండూ 14 సిలిండర్ల ట్విన్ వాస్ప్. రెండు వరసల్లో ఏడేసి. ముందు నుంచి కనిపించేది మొదటి వరసే. దానికి ఒక్కో సిలిండరుకు రెండు చొప్పున సన్నని రాగి పోగులు చేరిస్తే చాలు. వెనక వరసకు తీగలు చుట్టడం మన తృప్తికే. ప్రొపెల్లర్ బ్లేడ్లు నలుపు, కొసలు పసుపు. వాటిని చివరిదాకా పెట్టకండి.

గాజు

ఫెవిక్విక్‌ను గాజు భాగాల దరిదాపులకు రానివ్వకండి. దాని ఆవిరి గాలిలోని తేమతో కలిసి గాజు మీద తెల్లటి పొరలా పడుతుంది. విజయవాడ ఆగస్టు గాలికి ఇది మరీ త్వరగా జరుగుతుంది. బాడీ లోపల ఎక్కడైనా ఫెవిక్విక్ వాడి ఉంటే బుడగలు మూయడానికి రెండు రోజులు ఆగండి. ఆవిరి లోపలే ఇరుక్కుంటే తుడవడానికి దారి ఉండదు. గాజు అతికించడానికి ఎండితే పారదర్శకమయ్యే తెల్ల జిగురు సరిపోతుంది.

బుడగల ఫ్రేము మాస్కింగు ఓపిక పని. టేపును ఒక మిల్లీమీటరు పట్టీలుగా కోసి ముందు ఫ్రేము అంచుల వెంట వేయండి, మధ్యభాగం తర్వాత నింపండి. ఒక్క పెద్ద ముక్క వేసి ఫ్రేము మీద కోస్తే బ్లేడు జారి గాజుకు గీత పడుతుంది. మాస్కు మీద మొదట లోపలి ఆకుపచ్చ వేసి, ఆపైన బయటి రంగు వేయండి. లోపల నుంచి చూసినప్పుడు ఫ్రేముకు లోపలి రంగే కనిపించాలి.

రంగులు

బ్రిటిష్ కాటలీనాలు ప్రధానంగా రెండు రకాల వేషాల్లో కనిపిస్తాయి. పైన ముదురు సముద్రపు బూడిద, ముదురు పలక బూడిద కలిసిన మచ్చలు ఒకటి. పక్కలు, అడుగు అంతా తెలుపు, పైన మాత్రం ముదురు సముద్రపు బూడిద రెండోది. మీరు చేస్తున్న విమానం ఫోటో దొరికితే దాన్నే నమ్మండి, పెట్టె మీది బొమ్మను కాదు. తెల్ల పొట్ట ఉన్నదైతే చూపరులకు బాగుంటుంది, చేసేవాళ్లకు మాత్రం నరకం.

తెలుపును మొదట వేయాలి. బూడిద ప్రైమర్ మీద నాలుగైదు పలచటి పూతలు పడితే గానీ ఎక్కదు, ఒకేసారి దట్టంగా వేస్తే మెట్టు మూలల్లో కారుతుంది. అచ్చ తెలుపు బొమ్మలా కనిపిస్తుంది. పదింట ఒక వంతు లేత బూడిద కలపండి. కంట్రోల్ తలాలకు, రెక్క వెనక భాగానికి అసలు విమానంలో గుడ్డ కప్పి ఉంటుంది. ఎండకు అది లోహం కన్నా త్వరగా వెలుస్తుంది కాబట్టి అక్కడ అదే రంగులో కాస్త తెలుపు కలిపి పైన పలచగా మసకేయండి.

ఇక మన వాతావరణం. తేమ 70 శాతం దాటినప్పుడు లాకర్ (థిన్నర్‌తో కలిపే) రంగులు, వార్నిష్ కొట్టకండి. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి నీటి ఆవిరి దాని మీద పేరుకుంటుంది, ముదురు రంగు మీద పాలపొరలా తేలుతుంది. వానాకాలంలో ఉదయం పూట వద్దు, పదకొండు నుంచి నాలుగు మధ్య తేమ తగ్గినప్పుడు చూసుకోండి. ఎయిర్‌బ్రష్‌కు (గాలితో రంగు చిమ్మే కలం) గాలినిచ్చే కంప్రెసర్ గొట్టానికి నీటి ఉచ్చు తప్పనిసరి. అది లేకపోతే తెల్ల రెక్క మధ్యలో ఒక నీటిచుక్క ఉమ్మినట్టు పడుతుంది. మేలో కష్టం తిరగబడుతుంది. అక్రిలిక్ రంగు ఎయిర్‌బ్రష్ సూది కొస మీదే ఆరిపోయి ఇసుకలా రాలుతుంది. 15 నుంచి 18 పీఎస్‌ఐ ఒత్తిడి, కప్పులో రెండు చుక్కల రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మది చేసే ద్రావణం), కొంచెం దగ్గరగా పట్టడం. అయినా వినకపోతే సాయంత్రం దాకా ఆగడమే. ఫ్యాను ఆపి పని చేయండి, అది దుమ్మును నేరుగా తడి రంగు మీదికి తెస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ బాధలేవీ పెద్దగా ఉండవు. పెద్ద పూతలు అప్పటికి ఉంచుకోగలిగితే అదృష్టమే.

గుర్తులు

జపాన్ గుర్తు ఎర్ర సూర్యుడు. గందరగోళం రాకూడదని ఈ ప్రాంతపు బ్రిటిష్ విమానాల గుండ్రటి గుర్తుల్లోంచి ఎరుపు తీసేశారు. ముదురు నీలం వలయం, మధ్యలో లేత నీలం మిగిలాయి. అమెరికన్ డెకాల్స్ ఉన్న కిట్‌లో ఇవి రావు. టేపును గాజు మీద పరిచి కంపాస్ కట్టర్‌తో రెండు సైజుల వృత్తాలు కోసుకుని రంగుతోనే వేసేయండి. ముందు లేత నీలం పెద్ద వృత్తమంతా, మధ్యలో చిన్న టేపు బిళ్ల, ఆపైన ముదురు నీలం. డెకాల్ కన్నా ఇదే బాగా కూర్చుంటుంది.

నంబర్లకు డెకాల్ వాడితే కింద నిగనిగలాడే క్లియర్ పూత వేసి ఒక రోజు ఆరనివ్వండి. గరుకు రంగు మీద పెడితే కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. మిగిలిన డెకాల్ షీట్లను జిప్ కవర్లో సిలికా జెల్‌తో దాచండి. వెండి పురుగులు ఆ కాగితాన్ని తినేస్తాయి.

మరకలు

నీటి విమానం మరకలకు ఒక తర్కం ఉంది. నీరు ఎక్కడిదాకా తడిపింది, ఎక్కడి నుంచి కారింది అన్నదే. రెడ్ హిల్స్ మంచినీటి చెరువు. లంగరు వేసి రోజుల తరబడి ఉన్న పొట్ట మీద ఆకుపచ్చ, గోధుమ కలిసిన నాచు గీత పడుతుంది. ఉప్పు పొర మాత్రం తెల్లగా దట్టంగా చేయకండి. మోడల్‌ను నీటిలో నిలబడే వాలులో మైనంతో బిగించి, తగిన ఎత్తున్న చెక్కముక్క మీద పెన్సిల్ ఆనించి బాడీ చుట్టూ తిప్పండి. నీటి గీత సరిగ్గా సమాంతరంగా వస్తుంది. చేత్తో గీస్తే ఎవరికైనా తేడా తెలిసిపోతుంది.

లంగరు గొలుసు రాపిడి ముక్కు పక్కన. బుడగల కింద గన్నర్ల బూట్ల మసి, అక్కడి నుంచి నేరుగా కిందికి కారిన చారలు. ఇంజిన్ల పొగ రెక్క పైభాగం మీద వెనక్కి. పొగకు నలుపు వద్దు, గోధుమ, బూడిద కలిపి పలచగా పట్టించండి. తెల్ల పొట్ట మీద ఆయిల్ రంగు వాష్ (బాగా పలచన చేసిన పూత) వేస్తే అరగంటలో తుడవండి, ఆలస్యమైతే మొత్తం పసుపెక్కుతుంది.

నీళ్లు, పెట్టె

చెరువు నీరు పోయడానికి రెండు భాగాల ఎపాక్సీ రెసిన్. ఒక్కసారికి 3 మిల్లీమీటర్లు మించి పోయకండి. మందంగా పోస్తే గట్టిపడేటప్పుడు వేడెక్కి ప్లాస్టిక్ పొట్ట వంకరపోతుంది. ఎండాకాలంలో కలిపిన రెసిన్ డబ్బాలోనే ఉడుకుతుంది కాబట్టి కొద్దికొద్దిగా కలుపుకోండి. వానాకాలంలో పైన జిడ్డు పొర తేలితే సబ్బు నీళ్లతో కడిగి తర్వాతి పొర పోయండి. రంగు నీలం వద్దు. ఆకుపచ్చ, మట్టి రంగు కలిపి చాలా కొద్దిగా. అలలకు క్లియర్ అక్రిలిక్ జెల్‌ను గట్టి బ్రష్‌తో తట్టండి, లంగరు వేసిన విమానం కదా, చిన్న ముడతలు చాలు.

రాడార్ యాంటెనాలు, ప్రొపెల్లర్లు, తోక నుంచి రెక్కకు లాగే ఏరియల్ తీగ ఇవన్నీ చివరి పని. తీగకు స్ప్రూ ముక్కను కొవ్వొత్తి పక్కన వేడి చేసి వెంట్రుకంత సన్నగా లాగండి. రెండు చివర్లూ అతికించి, జిగురు ఆరాక అగరుబత్తి నిప్పును దూరం నుంచి చూపిస్తే వదులు పోయి బిగుసుకుంటుంది. మరీ దగ్గరికి తెస్తే తెగుతుంది.

50 × 35 × 20 సెంటీమీటర్ల అక్రిలిక్ పెట్టె సైన్ బోర్డులు చేసేవాళ్ల దగ్గర కొలత ఇచ్చి కోయించండి. రెసిన్ పోయకముందే చెక్క పీటలో రంధ్రం వేసి, మొదట్లో కీల్‌లో పెట్టిన నట్టులోకి కింద నుంచి బోల్టు బిగించండి. కీల్ చుట్టూ పలచగా వ్యాజిలిన్ రాసి ఆపైన రెసిన్ పోస్తే, ఎప్పుడైనా మరమ్మతు వచ్చినప్పుడు బోల్టు విప్పి విమానాన్ని నీటి లోంచి ఊడదీసుకోవచ్చు.